ఉయ్యాల బల్లకి తలంటు

మా అత్తయ్య కాఫీ గ్లాసు కింద పెట్టరు. తాగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అయిపోయేదాకా, కొంగు మడిచి గ్లాసు చుట్టూ చుట్టి చేత్తోనే పట్టుకుంటారు. చూసినవాళ్ళు అదేదో పాతకాలపు అలవాటనుకుంటారు. అలవాటు కాదు, నా నిర్వాకం.

ఎనిమిదేళ్ళ క్రితం విజయవాడలో ఈ ఫ్లాటులోకి వచ్చిన కొత్తలో టేకు డైనింగ్ టేబులు చేయించుకున్నాం. లక్క పాలిష్. వంగి చూస్తే బొట్టు సరిగ్గా ఉందో లేదో తెలిసేంత మెరుపు. వారం తిరక్కుండానే అత్తయ్య పొగలు కక్కే స్టీలు గ్లాసు నేరుగా దాని మీద పెట్టారు. తీసేసరికి తెల్లటి గుండ్రం. నేను అరవలేదు. అరిచినా బాగుండేది. "అయ్యో అత్తయ్యా, ఇరవై ఎనిమిది వేలు పెట్టి చేయించాం" అన్నాను, అంతే. ఆవిడ ఏమీ అనలేదు. కొంగుతో ఆ గుండ్రాన్ని రెండు మూడు సార్లు తుడిచి చూశారు. పోలేదు. ఆ రోజు నుంచి గ్లాసు చేతిలోనే.

నేను చెప్పాలనుకున్నది టేబులు గురించి కాదు, ఉయ్యాల బల్ల గురించి. కానీ ఈ సంగతి ముందు చెప్పకపోతే, ఒక పాత చెక్క ముక్క కోసం ఇంటిల్లిపాదితో ఎందుకంత వాదించానో మీకు అర్థం కాదు.

క్రిందటి మాఘమాసంలో రేపల్లె దగ్గర మా మామగారి ఊళ్ళో ఇల్లు అమ్మేశారు. ముగ్గురన్నదమ్ములు. పెద్ద బావగారు భోషాణం తీసుకున్నారు. మరిదివాళ్ళకి ఇత్తడి సామాను. ఎవరూ అడగనిది, ఎవరి ఫ్లాటులోనూ పట్టదనుకున్నది ఉయ్యాల బల్ల ఒక్కటే. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం. మామగారు మధ్యాహ్నం భోజనం చేసి దాని మీదే నడుం వాల్చేవారు. పిల్లలందరికీ దాని మీదే నిద్ర, దాని మీదే పేచీలు, ఒకళ్ళిద్దరికి గోడకి గుద్దుకుని నెత్తి మీద బొప్పులు. మా వారికి కుడి కనుబొమ్మ మీద ఉన్న గాటు ఆ ఉయ్యాల ఇచ్చిన ఆస్తే.

మా ఇంటికి చేరేసరికి బల్ల నల్లగా ఉంది. దశాబ్దాల తలనూనె, చెమట, దుమ్ము. దాని మీద ఎప్పుడో ఒక పెళ్ళికి పూసిన వార్నిష్ పొరలు పొరలుగా లేచిపోయి, ఎండకి కమిలిన వీపులా ఉంది. మా వారు వెంటనే పాలిష్ పనివాణ్ణి పిలిచారు. అతను వచ్చి బల్లని తట్టి చూసి, "మంచి సరుకమ్మా. పీయూ కొడతాను, కొత్తదానిలా చేసిస్తాను" అన్నాడు. పదకొండు వేలు, నాలుగు రోజులు.

అత్తయ్య తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. అతను వెళ్ళాక ఒకే ఒక్క మాట అడిగారు. "అబ్బాయ్, పాలిష్ అయ్యాక దాని మీద పడుకోవచ్చా?"

మా వారు నవ్వేసి "నీ బల్లే కదమ్మా" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలుసు.

ఇక్కడ నా అభిప్రాయం కుండబద్దలు కొట్టినట్టు చెప్పేస్తాను. ఇంట్లో మనుషుల ఒళ్ళు, చేతులు రోజూ తగిలే చెక్కకి అద్దంలాంటి పాలిష్ పనికిరాదు. దానికి నూనె చాలు. ఆ నూనె ఆ ఇంట్లోవాళ్ళే పెట్టుకోవాలి. ఇది డబ్బు మిగుల్చుకునే మాట కాదు. పాలిష్ చెడగొట్టినందుకు తిట్లు తినేది ఇంట్లో ఎవరో ఒకసారి లెక్కేసి చూడండి. పిల్లలు, ముసలివాళ్ళు, పనమ్మాయి. మనం సామానుకి కాపలాదారులమై కూర్చుంటాం. "తడి చెయ్యి పెట్టకు, గ్లాసు కింద గుడ్డ వేసుకో, గాజులు గీసుకుంటాయి జాగ్రత్త." మన గాజులకి భయపడే సోఫా చేతులు మన ఇంట్లో ఎందుకసలు?

పాలిష్ అన్నా వార్నిష్ అన్నా పీయూ అన్నా, అన్నీ చెక్క మీద పరిచే పొరలే. లక్క పాలిష్ పొరకి వేడి, తడి రెండూ పడవు, అందుకే మా టేబులు మీద తెల్ల గుండ్రం. పీయూ పొర అంతకంటే గట్టిది, అందులో సందేహం లేదు. కాఫీ గ్లాసుకి బెదరదు. కానీ ఆ పొర ఒకచోట గీసుకుపోయినా, పెచ్చు లేచినా, ఆ ఒక్కచోటే బాగుచేయడం మనవల్ల కాదు. అంతా గీకి మళ్ళీ మొదట్నుంచి కొట్టాలి. మళ్ళీ అతనే రావాలి. నూనె పొరలా మీద పేరుకోదు, చెక్క లోపలికి ఇంకుతుంది. గీత పడితే ఆ గీత మీదే కాస్త ఉప్పు కాగితం రుద్ది, వేలెడు గుడ్డతో నూనె రాస్తే సరిపోతుంది. తప్పు చేసినవాళ్ళు పది నిమిషాల్లో దిద్దుకోగలిగితే, ఇంట్లో ఎవరూ ఎవరికీ దొంగల్లా తిరగక్కర్లేదు.

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదు. మా అబ్బాయి క్రికెట్ బ్యాటు వల్ల వచ్చింది. కొత్త బ్యాటు కొన్నప్పుడు దుకాణంవాడే చిన్న సీసాడు నూనె ఇచ్చాడు. పలచగా రాసి పడుకోబెట్టు, మర్నాడు మళ్ళీ రాయి, హ్యాండిల్‌కి తగలనివ్వకు అని చెప్పాడట. మావాడు లెక్కల పుస్తకం మీద ఏనాడూ పెట్టనంత శ్రద్ధ ఆ నూనె మీద పెట్టాడు. అటక సర్దుతుంటే ఆ సీసా దొరికింది. చీటీ మీద లిన్‌సీడ్ ఆయిల్ అని ఉంది. లిన్‌సీడ్ అంటే మన అవిసె గింజలే. కొన్ని ఊళ్ళలో అవిసె అంటే పువ్వులు కూర వండుకునే చెట్టు గుర్తొస్తుంది, అది వేరు. ఇది మనం పొడి కొట్టుకునే గింజ. సంస్కృతంలో అతసి. కృష్ణుడి మేనిఛాయని ఆ నీలిరంగు పువ్వుతోనే పోల్చారు. తెలుగు బీఏ చదివినందుకు ఇలాంటివి సమయానికి గుర్తొస్తాయి తప్ప, ఇంకెందుకూ ఉపయోగపడలేదని మా వారి అభిప్రాయం.

అసలు అన్ని నూనెలూ చెక్కకి పనికిరావు. ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది కొబ్బరి నూనె, ఆముదం, మిగిలిపోయిన వేరుశనగ నూనె రాసేసి, దుమ్మంతా అంటుకుని జిడ్డోడుతుంటే నూనెని తిడతారు. కొబ్బరి నూనె ఎన్నాళ్ళున్నా ఆరదు. ఆముదమూ అంతే. అవిసె నూనె ఆరుతుంది. ఆరడమంటే తడిబట్ట ఆరినట్టు ఆవిరైపోవడం కాదు. గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని తనే గట్టిపడుతుంది. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ. అది నాకు అయొడిన్ విలువ అని ఏదో చెప్పింది. ఆరే గుణానికి అదో కొలతట. కొబ్బరి నూనెకి పదికి అటూ ఇటూ ఉంటే అవిసె నూనెకి 170 దాటుతుందట. నేనన్నాను, "ఈమాత్రం దానికి ల్యాబ్ ఎందుకే, మన వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను చూడు" అని. పొద్దుతిరుగుడు నూనె ఆవిర్లు దాని రెక్కల మీద పసుపు జిగురై, ఎంత సబ్బు పెట్టినా రాకుండా పట్టేస్తాయి చూశారా, అదీ నూనె సగం సగం ఆరడమే. దోసెల పెనం పదును పెట్టడం ఇంకా మంచి ఉదాహరణ. కొత్త ఇనప పెనానికి పలచగా నూనె రాసి కాల్చి, మళ్ళీ రాసి మళ్ళీ కాల్చి నల్లటి నునుపు తెస్తామా లేదా? పెనం దగ్గర నిప్పు తొందరపెడుతుంది. చెక్క దగ్గర గాలి నిదానంగా చేస్తుంది. పని ఒకటే.

అంటే ఈ విద్య మనకి ఎప్పుడో వచ్చు. అది చెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం మగవాళ్ళ పని, వడ్రంగుల పని అనుకుని దూరంగా నిలబడతాం.

రంగుల దుకాణానికి నేనే వెళ్ళాను. కుర్రాడు "సార్ రాలేదా మేడమ్?" అని అడిగాడు, పోనీలెండి. అక్కడ డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని దొరుకుతుంది. మావాడి బ్యాటుది పచ్చి నూనె. అది చెక్క మీద ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈ బాయిల్డ్ రకంలో త్వరగా ఆరడానికి లోహాల లవణాలు కలుపుతారు కాబట్టి ఒకట్రెండు రోజుల్లో ఆరుతుంది. ఆ కలిపినవాటి వల్లే దీన్ని తినే వస్తువులకి, అంటే చపాతీ పీటకి, గరిటెలకి రాయకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. ఒక లీటరు నూనె, అర లీటరు టర్పెంటైన్, 80, 120, 220 నంబర్ల ఉప్పు కాగితాలు. మొత్తం ఏడు వందలు దాటలేదు.

అసలు కష్టం నూనె కాదు, గీకడం. బాల్కనీలో బల్లని రెండు స్టూళ్ళ మీద వేసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, మూడు పూటలు గీకాను. 80 నంబరుతో వార్నిష్ ఊడ్చి, 120తో నునుపు చేసి, 220తో ముగించాలి. ఎప్పుడూ చెక్కలో గీతలు ఎటు పోతుంటే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గాట్లు నూనె పెట్టాక అన్నీ బయటపడతాయి. మీ ఇంట్లోది రంగు వేసిన పాత తలుపైతే మాత్రం ఇలా గీకొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలున్న ఇంట్లో మహా చెడ్డది. అది తెలిసినవాళ్ళకి వదిలేయండి.

రెండో రోజు మధ్యాహ్నం నలుపు వదిలి, బెల్లం రంగు టేకు బయటపడింది. అత్తయ్య కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. కాసేపు చూసి, ఒక మూల కాగితం ముక్క చుట్టుకుని ఆవిడా మొదలుపెట్టారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. వద్దంటే వినలేదు. ఒకచోట ఆగి, "ఇది మీ మామయ్యగారి తల పెట్టే చోటు. ఇక్కడ నూనె మచ్చ ఎంత గీకినా పోదులే" అన్నారు. నిజంగానే పోలేదు. జానెడు వెడల్పున ముదురు రంగు అలాగే ఉంది. పీయూ అతనైతే దాన్ని బ్లీచ్ చేసో, రంగు కొట్టో మాయం చేసేవాడు. మేం వదిలేశాం.

టేకులో దాని నూనె దానికే ఉంటుంది. అందుకే పై నూనె పట్టే ముందు టర్పెంటైన్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడిస్తే మంచిది. మొదటి పూతకి నూనె, టర్పెంటైన్ సగం సగం కలిపాను, లోపలికి దిగుతుందని. నా పాత నేత చీర ఒకటి చింపి గుడ్డలు చేశాను. మొదటి గుడ్డ రాయగానే ఏం జరిగిందో చెప్పడం కష్టం. ఎండిపోయినట్టున్న చెక్కలో గీతలన్నీ ఒక్కసారి లేచాయి, తలంటి పోశాక జుట్టు నిగనిగలాడినట్టు. "పిల్లకి తలంటినట్టుందే అమ్మాయ్" అన్నారు అత్తయ్య.

అక్కడితో ఆగితే కథ బాగుండేది. నేను ఉత్సాహపడి రెండో పూత దండిగా పోశాను. ఎంత పోస్తే అంత పీల్చుకుంటుందిలే అనుకున్నాను. తుడవలేదు. మర్నాటికి బల్లంతా జీళ్ళపాకంలా సాగింది. వారం రోజులైనా అంతే. ఒక దోమ అంటుకుని అక్కడే పోయింది. మా వారు రోజూ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు వేలు పెట్టి చూసి, ఏమీ అనకుండా వేలు తుడుచుకుని వెళ్ళేవారు. అనకపోవడంలో ఆయన తల్లికి తగ్గ కొడుకే.

తప్పు పెనం దగ్గరే నేర్చుకోవాల్సింది. పెనానికి గిన్నెడు నూనె పోసి కాలిస్తే ఏమవుతుంది? జిగురే. పైపైన గాలి తగిలినచోట తోలు కడుతుంది, అడుగున పచ్చిగా ఉండిపోతుంది. నూనె రాయాలి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగాలి, ఆ తర్వాత పొడి గుడ్డతో, అసలు రాయనేలేదేమో అనిపించేదాకా తుడిచేయాలి. ఈ పనిలో రాయడం కంటే తుడవడమే ముఖ్యం. జిగురంతా టర్పెంటైన్ పెట్టి గీకి, మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి రోజు విడిచి రోజు, నాలుగు పలచటి పూతలు. ఫాల్గుణం కాబట్టి గాలి పొడిగా ఉండి చక్కగా ఆరింది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం కథ చదివినట్టు చదవొద్దు.

మూడో పూత రోజు, నూనె గుడ్డలు మూడు ఉండ చుట్టి ప్లాస్టిక్ కవర్లో వేసి, బాల్కనీలో చెత్తబుట్టలో పడేశాను. సాయంత్రం దీపం పెట్టి వస్తుంటే ఏదో మాడు వాసన. పొయ్యి మీద ఏమీ లేదు. వాసన పట్టుకుంటూ పోతే చెత్తబుట్ట. కవరు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, మెత్తబడి గుడ్డకి అతుక్కుపోయి ఉంది. బకెట్టు నీళ్ళలో ముంచి విప్పితే, ఉండ లోపలి గుడ్డ గోధుమరంగుకి మాడిపోయింది. అగ్గిపుల్ల గీసినవాళ్ళు లేరు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది. ఉండ చుట్టిన గుడ్డలో పోవడానికి దారిలేక పెరిగి పెరిగి, దానంతటదే అంటుకుంటుంది. బుట్ట పక్కనే వంటింటి కిటికీ, దాని అవతల గ్యాసు బండ.

ఇది నాకొక్కదానికే జరిగిన వింత కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అని 38 అంతస్తుల భవనం ఉండేది. 1991 ఫిబ్రవరి 23న దాని 22వ అంతస్తులో మంటలు పుట్టాయి. చెక్కపని చేసి వదిలేసిన అవిసె నూనె గుడ్డలే కారణం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నూనె డబ్బా మీద ఈ హెచ్చరిక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. దుకాణంలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాబట్టి నేను చెబుతున్నాను. పని అవగానే గుడ్డలు నీళ్ళ బకెట్టులో ముంచండి. లేదా ఒక్కొక్కటి విడిగా, మడత లేకుండా, బయట తీగ మీద ఆరేయండి. గట్టిగా అట్టలా అయ్యాకే పారేయండి. పనమ్మాయికి కూడా చెప్పండి, తెలియక ఆవిడ ఉండ చుడుతుంది.

ఆ రాత్రి మా వారు, "ఇంత ప్రమాదం ఉన్నదాన్ని ఎందుకు నెత్తికెత్తుకోవడం, పదకొండు వేలతో పోయేదానికి?" అన్నారు. న్యాయమైన మాటే. నాకూ చేతులు వణుకుతున్నాయి. కానీ ఆలోచించి చూడండి. మనం రోజూ కుక్కరు పెడుతున్నాం, మరిగే నూనెలో గారెలు వేస్తున్నాం. ప్రమాదం తెలిసి, దాని మర్యాద దానికిచ్చి వాడుకోవడం మనకి కొత్త కాదు. పీయూ కొట్టే కుర్రాడు రోజూ థిన్నర్ పీలుస్తూ చేస్తాడు. ఆ ప్రమాదం మన కంటికి కనపడదు కాబట్టి లేదనుకుంటాం. నాలుగు రోజులు ఇల్లంతా ఆ ఘాటు, ఆయాసం ఉన్న మా అత్తయ్య పక్క గదిలో. టర్పెంటైన్‌కీ వాసన ఉంది, కాదనను. బాల్కనీలోనే చేశాం, కిటికీ మూసి.

నూనె గొప్పదని చెప్పి దాని లోపాలు దాచను. మెరుపు రాదు, ఒక చల్లటి నునుపు వస్తుంది. పెళ్ళివారికి చూపించి మెప్పు పొందే రకం కాదది. బాత్రూము తలుపుకి పనికిరాదు. నిత్యం తడిసేచోట ఇది నిలవదు. చెదపురుగుని ఆపదు. పలాస వైపు జీడిగింజల తొక్కల నూనె దూలాలకి, పడవలకి పూస్తారు. అది పురుగుని ఆపుతుంది కానీ చర్మం మీద పడితే కాల్చి బొబ్బలెక్కిస్తుంది. ఇంటి పనికి తెచ్చుకోకండి. అవిసె నూనె పెట్టిన చెక్క కాలం గడిచేకొద్దీ రంగు ముదురుతుంది. తేమ ఎక్కువున్నచోట బూజు చుక్కలూ పడతాయి. మా బల్లకి శ్రావణంలో అడుగువైపు పడ్డాయి. తుడిచి, ఎండ చూపించి, ఆశ్వయుజంలో ఒక పూత ఇచ్చాను. ఏడాదికోసారైనా మళ్ళీ నూనె అడుగుతుంది. పాశ్చాత్య దేశాల వడ్రంగుల్లో పాత లెక్క ఒకటి ఉందట. వారం పాటు రోజూ, నెల పాటు వారానికోసారి, ఏడాది పాటు నెలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. అంత ఓపిక నాకు లేదు. నాలుగు పూతలు, తర్వాత పండగలకి ఒకటి.

"ఏటేటా చేయాలంటే విసుగు కాదా?" అంది మా తోడికోడలు ఫోనులో. ఆవిడ భోషాణానికి పీయూ కొట్టించి హాల్లో పెట్టింది. బాగుంది, అబద్ధమెందుకు. దాని మీద ఎవరూ కూర్చోకుండా పూలకుండీ పెట్టింది. మా ఊళ్ళో ఆ భోషాణం మీద చాప పరుచుకుని పడుకునేవారు. ఆవిడ వస్తువు ఆవిడ ఇష్టం. నేను మాత్రం ఏటా ఆవకాయ పెడుతూ, ఏటా గడపకి పసుపు రాస్తూ, ఒక్క చెక్కకి మాత్రం జీవితానికి సరిపడా ఒకేసారి కొట్టేయాలంటే ఒప్పుకోలేను.

వంటింటి చెక్క సామాను గురించి చెబుతానన్నాను కదా. చపాతీ పీట, కవ్వం, పప్పుగుత్తి, నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలు. వీటికి రంగుల దుకాణం నూనె వద్దు. కడిగి బాగా ఆరాక, కొబ్బరి నూనె చుక్క వేసి రుద్ది తుడిచేస్తాను. అది ఆరదని నేనే చెప్పాను. నిజమే, కడిగినప్పుడల్లా కొంత పోతుంది, నెలకోసారి మళ్ళీ రాస్తాను. కానీ త్వరగా పాడైన వాసన రాదు, నోట్లోకి వెళ్ళినా భయం లేదు. వేరుశనగ నూనె ఒకసారి రాసి చూశాను. రెండు నెలలకి పీట పాత నూనె వాసన కొట్టింది. పూరీలన్నీ ఆ వాసనే. గానుగ దగ్గర తినడానికి అమ్మే అవిసె నూనె కూడా వాడొచ్చు, ఆరేదాకా ఆగే ఓపికుంటే.

ఉయ్యాల గొలుసులు, కొక్కేలు మాత్రం నేను చేయలేదు. శ్లాబుకి హుక్కు వేయడం మేస్త్రి పని. అతనే వచ్చి వేశాడు. అన్నీ మనమే చేయాలని నా వాదన కాదు. మనిషి బరువు మోసే ఇనుముకి తెలిసినవాడు కావాలి. మనిషి ఒళ్ళు తగిలే చెక్కకి మనం చాలు.

ఉగాదికి ముందు రోజు కట్టాం. నూనె చేతికి అంటనంత ఆరిందని నమ్మకం కుదిరాక, ఇంకో పది రోజులు ఆగి మరీ. ఆగకుండా ఎవరైనా పట్టుచీరతో కూర్చుంటే నాకు సంబంధం లేదు. అత్తయ్య మామగారి మచ్చ ఉన్నవైపే తలపెట్టి పడుకున్నారు. తలకి నిండా కొబ్బరి నూనె. మా వారు నా వైపు చూశారు, నేను ఏమంటానో అని. ఏమంటాను? ఆ మచ్చ అలా వచ్చిందే కదా.

ఇప్పుడు కార్తీకం. పొద్దున్నే ఉయ్యాల మీద కూర్చుని ఆవిడ కాఫీ తాగుతారు. మొదటి నెలంతా కొంగులోనే గ్లాసు. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టారో నేను గమనించలేదు. ఒకరోజు బల్ల మీద మసక గుండ్రం కనిపించింది. నేను చూడకముందే ఆవిడే నూనె గుడ్డ అడిగి తుడుచుకుంటున్నారు. పూర్తిగా పోలేదు. "ఉండనీలే, పండక్కి పోతుంది" అన్నారు. గుడ్డ మాత్రం మడవకుండా తీగ మీద ఆరేసి వచ్చారు.

డైనింగ్ టేబులు దగ్గర కూర్చుంటే ఇప్పటికీ గ్లాసు చేతిలోనే. దాని మీది తెల్ల గుండ్రం కూడా ఎనిమిదేళ్ళుగా అలాగే ఉంది. 80 నంబరు కాగితాలు నాలుగు తెచ్చిపెట్టాను. వచ్చే మాఘంలో ఆ పాలిష్ గీకేస్తాను. మా వారికి ఇంకా చెప్పలేదు.